మాత్రతో ఆగిన దీర్ఘకాలిక దద్దుర్లు: రెమిబ్రూటినిబ్ వాడిన ఒక కేసు, దారిలో వచ్చిన మూడు చిక్కులు

ఇది ఒకే రోగి ఫైలు కాదు. బయటి కారణమేదీ లేకుండా ఆరు వారాలకు మించి దద్దుర్లు వచ్చే జబ్బు (క్రానిక్ స్పాంటేనియస్ అర్టికేరియా) ఇది. ఇందులో పదే పదే ఎదురయ్యే పరిస్థితులను ఒకచోట చూపడానికి కూర్చిన బోధనా కేసు. రోగి వివరాలు, ఆమె స్కోర్లు, ల్యాబ్ విలువలు అందుకు తగ్గట్టు పెట్టినవి. మందు మోతాదులు, జాగ్రత్తలు, ట్రయల్ అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

రోగి వచ్చేనాటికి

38 ఏళ్ల మహిళ. సొంతూరు రాజమండ్రి దగ్గర, ఉద్యోగం టెక్సస్‌లో. 26 నెలలుగా దాదాపు రోజూ దద్దుర్లు. సాయంత్రం ఏడు దాటాక మొదలై రాత్రి రెండు మూడింటిదాకా దురద. పొద్దున లేచేసరికి పాతవి మాయమై, కొత్తవి ఇంకోచోట తేలేవి. నెలకు ఒకటి రెండుసార్లు పెదవో కనురెప్పో వాచేది. రక్తపోటుకు అమ్లోడిపిన్ 5 మి.గ్రా. రోజూ వేసుకుంటారు. ఇద్దరు పిల్లలు, ట్యూబెక్టమీ అయింది.

పైత్యమని ఒకరు, ఏదో పడనిది తిన్నావని ఇంకొకరు చెప్పగా వంకాయ, గోంగూర, ఎండుచేపలు, గుడ్డు, వేరుశనగ, ఆఖరికి చింతపండు కూడా మానేశారు. 6 కిలోలు తగ్గారు, దద్దుర్లు మాత్రం తగ్గలేదు. తగ్గవు కూడా. తిండి పడక వచ్చే దద్దుర్లు తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపు వస్తాయి, అదే తిన్న ప్రతిసారీ వస్తాయి, ఒకటి రెండు రోజుల్లో పోతాయి. ఏం తిన్నా తినకపోయినా ఆరు వారాలకు మించి రోజూ వస్తున్నాయంటే కారణం కంచంలో లేదు. పదుల కొద్దీ ఆహార పదార్థాలకు రక్తంతో చేసే అలర్జీ ప్యానెల్ ఈ జబ్బులో దారి చూపదు. ఆమె రిపోర్టులో 11 పదార్థాలకు ‘స్వల్ప పాజిటివ్’ అని ఉంది. ఆ కాగితమే ఆమె చేత సగం తిండి మాన్పించింది. మొదటి రోజే అన్నీ తినమన్నాం.

మందుల సంచి మొత్తం తెప్పించి బల్ల మీద పరిచి చూడటం ఈ జబ్బులో తప్పనిసరి. ఈమె సంచిలో సెట్రిజిన్, డైఫెన్‌హైడ్రమైన్, నెప్రోక్సెన్, చేపనూనె క్యాప్సూళ్లతో పాటు ఊరి నుంచి తెచ్చుకున్న బెట్నెసాల్ స్ట్రిప్పులు రెండు ఉన్నాయి. ఎక్కువైన రోజున ‘అలర్జీ బిళ్ల’ అనుకుంటూ రెండు వేసుకునేవారు. అది అలర్జీ బిళ్ల కాదు, స్టెరాయిడ్. 0.5 మి.గ్రా. బెటామెథసోన్ ఒక్కటి సుమారు 4 మి.గ్రా. ప్రెడ్నిసోలోన్‌కు సమానం. వీటికి తోడు అర్జెంట్ కేర్ క్లినిక్కుల్లో ఏడాదిలో ఐదుసార్లు ప్రెడ్నిసోన్ 40 మి.గ్రా. ఐదేసి రోజుల కోర్సులు రాయించుకున్నారు. బాగా ఎక్కువైనప్పుడు పది రోజులకు మించకుండా ఒక కోర్సు ఇవ్వొచ్చు. నెలల తరబడి చాటుగా సాగితే చక్కెర, రక్తపోటు, ఎముకలు దెబ్బతింటాయి. పైగా స్కోరు తక్కువగా కనిపించి అసలు తీవ్రత మరుగున పడుతుంది. బెట్నెసాల్ ఆపిన రెండు వారాల తర్వాతే స్కోరు రాయించాం.

స్కోరు, పరీక్షలు

రోజూ రెండు అంకెలు రాయాలి. దద్దుర్లకు 0 నుంచి 3: లేకపోతే 0, ఇరవైలోపు 1, ఇరవై నుంచి యాభై దాకా 2, యాభై దాటినా, కలిసిపోయి పెద్ద పలకలుగా లేచినా 3. దురదకు కూడా 0 నుంచి 3. ఏడు రోజుల మొత్తం 42కు లెక్క, దీన్నే యూఏఎస్7 అంటాం. 0 అంటే పూర్తిగా పోయినట్టు, 6 వరకు అదుపులో ఉన్నట్టు, 7–15 తక్కువ, 16–27 మధ్యస్థం, 28 నుంచి 42 దాకా తీవ్రం. మొత్తం ఒక్కటే రాయిస్తే చాలదు, రెండు వరుసలూ విడివిడిగా ఉండాలి. ఎందుకన్నది ఏడో వారంలో తెలుస్తుంది. ఈమె మొదటి వారం స్కోరు 32: దద్దుర్లు 15, దురద 17.

అంతకుముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఒక దద్దు చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీసి, టైము పక్కనే రాసి, 24 గంటల తర్వాత ఫొటో తీసి పంపమన్నాం. గీత ఉంది, లోపల చర్మం మామూలుగా ఉంది. రోజు దాటినా అక్కడే ఉండి, దురద కంటే మంట, నొప్పి ఎక్కువగా ఉండి, మానేటప్పుడు కమిలిన మచ్చ మిగిలితే అది రక్తనాళాల వాపు కావచ్చు. అప్పుడు చర్మం ముక్క తీసి పరీక్షకు పంపాలి. దద్దుర్లే లేకుండా వాపు మాత్రమే వస్తుంటే ఎనాలప్రిల్, లిసినోప్రిల్ లాంటి బీపీ మందుల మీద, వంశపారంపర్య యాంజియోఎడిమా మీద అనుమానం పెట్టుకోవాలి. ఈమెకు ఆ రెండూ వర్తించవు.

పరీక్షలు కొన్నే: సీబీసీ, ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, మొత్తం ఐజీఈ (అలర్జీల్లో పెరిగే యాంటీబాడీ), యాంటీ టీపీఓ (థైరాయిడ్ మీద తిరగబడే యాంటీబాడీ), టీఎస్‌హెచ్. ఐజీఈ 16, యాంటీ టీపీఓ 380, ఇసినోఫిల్స్ బాగా తక్కువ, టీఎస్‌హెచ్ మామూలే. ఐజీఈ అడుగున ఉండి యాంటీ టీపీఓ పైన ఉంటే, ఐజీజీ రకం ఆటోయాంటీబాడీలు (సొంత ఒంటి మీదే తిరగబడే యాంటీబాడీలు) మాస్ట్ కణాలను, అంటే దురద పుట్టించే హిస్టమిన్‌ను దాచుకున్న చర్మకణాలను, రెచ్చగొడుతున్నాయని అనుమానించాలి. ఇలాంటివారిలో ఐజీఈని పట్టుకునే ఇంజెక్షన్ ఒమాలిజుమాబ్ ఆలస్యంగా పనిచేస్తుంది, కొందరిలో అసలు చేయదు.

అలాగే జరిగింది. సెట్రిజిన్ రోజుకు 10 మి.గ్రా.తో మొదలై నాలుగింతలు, అంటే 40 మి.గ్రా. దాకా వెళ్లింది. ఆ పైన ఒమాలిజుమాబ్ 300 మి.గ్రా. నాలుగు వారాలకోసారి, ఆరు డోసులు. స్కోరు 32 నుంచి 25కు దిగి అక్కడే ఆగింది.

మాత్ర ఎందుకు

అప్పటికి చేతిలో ఉన్న దారులు నాలుగు. ఒమాలిజుమాబ్‌ను 600 మి.గ్రా. దాకా పెంచి, రెండు వారాలకోసారికి తేవచ్చు. ఆరు నెలల్లో ఇంత తక్కువ స్పందన ఉన్నప్పుడు దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోలేదు. సైక్లోస్పోరిన్ పనిచేసే మందే, కానీ రక్తపోటు ఉన్న మనిషికి, కిడ్నీ పరీక్షలు తరచూ చేయాల్సిన మందుగా అది చివరి మెట్టు. డుపిలుమాబ్‌కు అమెరికాలో 2025 ఏప్రిల్‌లో ఈ జబ్బుకు అనుమతి వచ్చింది, అదీ ఇంజెక్షనే. నాలుగోది రెమిబ్రూటినిబ్, బ్రాండ్ పేరు రాప్సిడో. 2025 సెప్టెంబర్ 30న అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. సెట్రిజిన్ లాంటి యాంటీహిస్టమిన్‌తో అదుపు కాని పెద్దవారికి, 25 మి.గ్రా. మాత్ర రోజుకు రెండుసార్లు, తిన్నాకైనా తినకముందైనా.

మాస్ట్ కణం పైన ఉన్న ఐజీఈ రిసెప్టర్‌కు సంకేతం తగిలితే, లోపల బీటీకే అనే ఎంజైమ్ దాన్ని ముందుకు అందిస్తుంది. అప్పుడే హిస్టమిన్ సంచులు పగులుతాయి. యాంటీహిస్టమిన్ అవి పగిలాక పనిచేస్తుంది. ఒమాలిజుమాబ్ కణం బయట తిరిగే ఐజీఈని పట్టుకుంటుంది. రెమిబ్రూటినిబ్ మధ్యలో, కణం లోపల, బీటీకేకు అతుక్కుని దాన్ని పనిచేయనివ్వదు. ఆటోయాంటీబాడీ ఐజీఈని పట్టుకున్నా, రిసెప్టర్‌నే పట్టుకున్నా లోపలి దారి ఒక్కటే. ఈమెకు దీన్ని ఎంచుకోవడానికి ఆధారం అదే. మందు రక్తంలో కొద్ది గంటలే ఉంటుంది, కానీ అతుక్కున్న ఎంజైమ్ తిరిగి పనికి రాదు. కణం కొత్తది తయారుచేసుకోవాల్సిందే.

బీటీకే మందులు కొత్తవేమీ కావు. రక్త క్యాన్సర్లకు ఇచ్చే ఇబ్రూటినిబ్ ఈ కుటుంబానిదే. అది ఇతర ఎంజైముల మీద కూడా పడటం వల్ల గుండె లయ తప్పడం లాంటివి చూశాం. దద్దుర్ల కోసం ముందు పరీక్షించిన ఫెనెబ్రూటినిబ్ ట్రయల్‌లో కొందరికి కాలేయ ఎంజైములు పెరిగాయి. రెమిబ్రూటినిబ్ బీటీకేను చాలా నిక్కచ్చిగా పట్టుకుంటుంది. లేబుల్‌లో, అంటే మందు అధికారిక సమాచార పత్రంలో, తరచూ రక్తపరీక్షలు చేయాలన్న షరతు లేదు.

ఈ మందు మీద జరిగిన రెండు ట్రయల్స్‌లో, రీమిక్స్-1లో 470 మంది, రీమిక్స్-2లో 455 మంది పాల్గొన్నారు. 12 వారాలకు స్కోరు 6 లోపు దిగినవారు మొదటిదాంట్లో 49.8 శాతం, మందు లేని ఉత్తుత్తి మాత్ర (ప్లాసిబో) వేసుకున్నవారిలో 24.8 శాతం. రెండోదాంట్లో 46.8, 19.6. పూర్తిగా సున్నా అయినవారు 31.1 శాతం, 27.9 శాతం. ఉత్తుత్తి మాత్రతో అది 10.5, 6.5. ఈ చివరి అంకెలు రోగికి ముందే చెప్పాలి. పదిమందిలో ముగ్గురికే మూడు నెలల్లో పూర్తిగా పోతాయి. ఇంకొందరికి బాగా తగ్గుతాయి. మిగిలినవారికి మరో దారి వెతకాలి. ‘కొత్త మందు, తప్పకుండా పోతుంది’ అని మాత్రం అనకూడదు.

ఇన్సూరెన్స్ మొదట తిరస్కరించింది. నోట్సులో ‘యాంటీహిస్టమిన్లు పనిచేయలేదు’ అని మాత్రమే ఉండటమే కారణం. మందు పేరు, మోతాదు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఆ వారం స్కోరు, ఈ జబ్బుకు వాడే ఎల్50.1 కోడ్ వేసి మళ్లీ పంపాక అనుమతి వచ్చింది.

మొదలుపెట్టేముందు, మొదటి ఆరు వారాలు

చివరి ఇంజెక్షన్ తర్వాత ఐదు వారాలకు మాత్ర మొదలైంది. అప్పటి స్కోరు 29. ముందుగా ప్లేట్‌లెట్లు, కాలేయ పరీక్షలు, హెపటైటిస్ బి చూశాం. హెపటైటిస్ పరీక్ష లేబుల్ అడిగింది కాదు, ఈ కుటుంబం మందులన్నిటికీ పాటించే జాగ్రత్తగా చేయించాం. కాలేయ జబ్బు ఉంటే, అది కొద్దిపాటిదైనా, ఈ మందు జోలికి పోకూడదు. గర్భం కోరుకునేవారికి దీనికంటే ఒమాలిజుమాబ్‌తో అనుభవం ఎంతో ఎక్కువ.

అమ్లోడిపిన్‌తో ఇబ్బంది లేదు. అదే డిల్టియాజెమ్ గానీ వెరపామిల్ గానీ అయితే ముందు బీపీ మందు మార్చాలి. రెమిబ్రూటినిబ్‌ను విరగ్గొట్టేది కాలేయంలోని సీవైపీ3ఏ4 ఎంజైమ్. దాన్ని అడ్డుకునే మందులతో రక్తంలో మోతాదు పెరుగుతుంది. టీబీ మందు రిఫాంపిసిన్, మూర్ఛ మందులు ఫెనిటోయిన్, కార్బమజెపిన్ లాంటివి దాన్ని ఉరకలెత్తిస్తాయి, మాత్ర వేసుకున్నా పని జరగదు. గుండె మందు డిగాక్సిన్ వాడేవారిని దగ్గరగా గమనించాలి.

మాత్రను నమలకుండా, విరవకుండా మింగమన్నాం. పొద్దున ఏడింటికి, రాత్రి ఏడింటికి. సెట్రిజిన్ 40 మి.గ్రా. అలాగే ఉంచాం. వారం తర్వాత స్కోరు 17, రెండో వారానికి 11, నాలుగో వారానికి 5. మూడో వారంలోనే రాత్రి ఆరేడు గంటలు ఏకధాటిగా నిద్రపోయానని చెప్పారు. ఒమాలిజుమాబ్‌తో వారాలు, నెలలు ఎదురుచూసిన మనిషికి ఈ వేగం పెద్ద మార్పు.

ఐదో వారం ఫొటో పంపారు. రెండు పిక్కల మీద, సాక్సు అంచు తగిలే చోట, ఆవగింజంత ఎర్రని చుక్కలు పాతిక దాకా. దురద లేదు. గాజుపలకతో నొక్కితే దద్దు తెల్లబడుతుంది, ఇవి తెల్లబడలేదు. అంటే చర్మం కింద చిన్న రక్తపు చుక్కలు, పెటీకియే. ట్రయల్స్‌లో మందు వేసుకున్నవారిలో 3.8 శాతం మందికి, ఉత్తుత్తి మాత్రవారిలో 0.3 శాతం మందికి ఇవి వచ్చాయి. ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు, మామూలే. బీటీకే ప్లేట్‌లెట్లలో కూడా ఉంటుంది. వాటి అంటుకునే పనిని మందు కాస్త తగ్గిస్తుంది, సంఖ్యను కాదు. అడిగితే తేలింది: నెలసరి నొప్పికి నెప్రోక్సెన్ నాలుగు రోజులు వేసుకున్నారు, చేపనూనె రోజూ నడుస్తూనే ఉంది. నెప్రోక్సెన్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ లాంటివి ప్లేట్‌లెట్ల మీద రెండో దెబ్బ వేస్తాయి. పైగా ఈ జబ్బున్న కొందరిలో దద్దుర్లనే పెంచుతాయి. నొప్పికి పారాసిటమాల్ 500 మి.గ్రా.కు మార్చి, చేపనూనె ఆపించాం. మాత్ర ఆపలేదు. పది రోజుల్లో చుక్కలు వాటంతటవే మాసిపోయాయి. మలంలో రక్తం, ఆగని ముక్కు రక్తం, విపరీతమైన రక్తస్రావం ఉంటే వెంటనే ఆపి చూడాలి. ఆస్పిరిన్‌గానీ రక్తం పలచబరిచే మందులుగానీ గుండె కోసం వాడుతున్నవారికి ఈ మాత్ర రాసేముందు లాభనష్టాలు తూచుకోవాలి.

ఏడో వారం: దద్దు లేదు, దురద ఉంది

ఇక్కడే మందు ఆగిపోయేది. ‘డాక్టర్ గారూ, మాత్ర పనిచేయడం మానేసింది, రాత్రంతా గోకుతూనే ఉన్నాను’ అని కబురు. స్కోరు 3 నుంచి 16కు ఎగిరింది. మొత్తం ఒక్కటే చూస్తే విఫలమైందనే రాసుకుంటాం. వరుసలు విడదీసి చూస్తే ఇలా ఉంది. దద్దుర్లు: 0, 0, 0, 0, 0, 0, 0. దురద: 2, 3, 3, 2, 2, 2, 2.

వారమంతా ఒక్క దద్దూ లేకుండా ఇంత దురద ఈ జబ్బు స్వభావం కాదు. అడిగితే, బాగుంది కదా అని తొమ్మిది రోజుల కిందట సెట్రిజిన్ నాలుగు మాత్రలూ ఒక్కసారే ఆపేశారు. చాలాకాలం రోజూ వేసుకున్న సెట్రిజిన్‌ను, లెవోసెట్రిజిన్‌ను హఠాత్తుగా ఆపితే కొద్ది రోజుల్లో తీవ్రమైన దురద రావచ్చని ఎఫ్‌డీఏ 2025 మేలో హెచ్చరిక ఇచ్చింది. అరుదే, కానీ నెలల తరబడి వాడినవారిలో కనిపిస్తుంది. మెడికల్ షాపులో చీటీ లేకుండా దొరికే బిళ్ల కాబట్టి దానికి ఇలాంటి గుణం ఉంటుందని ఎవరూ అనుకోరు.

సెట్రిజిన్ మళ్లీ మొదలుపెట్టిన రెండో రోజుకే దురద పోయింది. ఆ తర్వాత రెండేసి వారాలకు 10 మి.గ్రా. చొప్పున తగ్గించాం. చివరి 10 మి.గ్రా. దగ్గర తొందరపడకుండా, ఒక వారం రోజూ 5 మి.గ్రా., ఇంకో వారం రోజు విడిచి రోజు ఇచ్చి ఆపాం. ఇలాంటి మందు మొదలుపెట్టిన రోజే సెట్రిజిన్ తగ్గించే క్యాలెండర్ కూడా రాసి చేతికివ్వాలి. స్కోరు 6 లోపు ఎనిమిది వారాలు నిలకడగా ఉన్నాకే తగ్గించడం మొదలుపెడితే మంచిదని మా అభిప్రాయం. ఈమె విషయంలో ఆ ఓపిక పట్టే అవకాశం దక్కలేదు.

పెళ్లికి ఊరెళ్లినప్పుడు

ఐదో నెలలో తమ్ముడి పెళ్లికి మూడు వారాలు రాజమండ్రి ప్రయాణం. ఈ మందు మీద ఉండగా ప్రాణమున్న వ్యాక్సిన్లు వేయకూడదు: ఎంఎంఆర్, అమ్మవారి (చికెన్‌పాక్స్) టీకా, నోటి టైఫాయిడ్ క్యాప్సూల్. టైఫాయిడ్‌కు ఇంజెక్షన్ రకం ఇవ్వొచ్చు, అదే వేయించాం. ఇన్‌ఫ్లూయెంజాకూ ముక్కులో కొట్టే స్ప్రే కాకుండా సూదే.

అయినా చిక్కు వేరే వైపు నుంచి వచ్చింది. ఎండ, చెమట, పట్టుచీర నడుం బిగింపు. నడుం చుట్టూ తామర లేచింది. మన దగ్గర కొన్నేళ్లుగా తామర మొండిగా మారి, ఇట్రాకోనజోల్ 100 మి.గ్రా. పొద్దున సాయంత్రం రాయడం మామూలైపోయింది. ఆమెకూ అదే ఇచ్చారు. మొదటి క్యాప్సూల్ వేసుకునేముందు స్ట్రిప్పు ఫొటో వాట్సాప్‌లో పంపారు కాబట్టి సరిపోయింది. ఇట్రాకోనజోల్ సీవైపీ3ఏ4ను గట్టిగా అడ్డుకుంటుంది. రెమిబ్రూటినిబ్‌తో కలిస్తే రక్తంలో దాని పాళ్లు కొన్ని రెట్లు పెరిగి రక్తస్రావం ముప్పు తెస్తుంది. కీటోకోనజోల్ మాత్రలు, క్లారిత్రోమైసిన్ కూడా అంతే. ఫ్లుకోనజోల్, ఎరిత్రోమైసిన్ కాస్త తక్కువ బలంతో అడ్డుకుంటాయి, అవీ వద్దు. దగ్గు, గొంతునొప్పికి క్లారిత్రోమైసిన్, ఒంటి దురదకు ఫ్లుకోనజోల్ ఎంత తేలిగ్గా చేతికొస్తాయో తెలిసినవారికి ఈ ప్రమాదం ఎంత దగ్గరిదో అర్థమవుతుంది.

తామరకు లులికోనజోల్ క్రీము రోజుకోసారి, మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్ల దాకా, మచ్చ పోయాక మరో రెండు వారాలు. చాలకపోతే మాత్రగా టెర్బినాఫిన్ ఇవ్వొచ్చు, అది ఈ ఎంజైమ్‌ను అడ్డుకోదు. స్టెరాయిడ్ కలిసిన ‘మూడు మందుల’ క్రీములు రాయొద్దని కూడా చెప్పాం. క్రీముతోనే తగ్గింది.

ప్రయాణానికి ముందే పర్సులో పెట్టుకునే చీటీ ఒకటి తెలుగులో, ఇంగ్లిషులో ఇవ్వడం ఇప్పుడు అలవాటు చేసుకున్నాం. మందు పేరు, పనికిరాని ఫంగల్ మందులు, యాంటీబయాటిక్‌లు, మూర్ఛ మందులు, నొప్పి మాత్రలు, ప్రాణమున్న వ్యాక్సిన్లు. కింద రెండు వరుసలు: నొప్పికి పారాసిటమాల్, యాంటీబయాటిక్ కావాలంటే అమోక్సిసిలిన్ లేదా అజిత్రోమైసిన్. తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో, మెడికల్ షాపు కౌంటర్ మీద పెట్టి చూపించేలా.

పన్ను తీయించుకోవడం

ఎనిమిదో నెలలో జ్ఞానదంతం తీయాల్సి వచ్చింది. శస్త్రచికిత్సను, రక్తస్రావం ముప్పును బట్టి ముందు 3 నుంచి 7 రోజులు, తర్వాత 3 నుంచి 7 రోజులు ఆపడం ఆలోచించాలి. పన్నుకు రెండు వైపులా మూడేసి రోజులు ఎంచుకున్నాం. ఆపిన మూడో రోజు సాయంత్రానికి తొడల మీద పదిహేను దద్దుర్లు. జబ్బు లోపల ఇంకా ఉందని, మాత్ర దాన్ని ఆపి ఉంచుతోందని అది రుజువు. ఆ వారానికి సెట్రిజిన్ 20 మి.గ్రా. ఇచ్చాం, వారం చివర మళ్లీ తగ్గించి ఆపాం. దంతవైద్యులకు రాసిన లేఖలో ఐబుప్రోఫెన్‌తో పాటు కోడీన్ కూడా వద్దన్నాం. కోడీన్ మాస్ట్ కణాలను బీటీకేతో పని లేని వేరే దారిన రెచ్చగొట్టగలదు. దానివల్ల దద్దుర్లు వస్తే మాత్ర తప్పు కాదు. మాత్ర తిరిగి మొదలుపెట్టిన నాలుగో రోజుకు చర్మం శుభ్రం.

ఇప్పటి స్థితి

పదకొండో నెల. గత పన్నెండు వారాలుగా స్కోరు 0, సెట్రిజిన్ లేదు, ఏడాదికి దగ్గరగా స్టెరాయిడ్ ముట్టలేదు. పోయిన 6 కిలోల్లో 4 తిరిగొచ్చాయి. పెటీకియే మళ్లీ రాలేదు. మందు ఎప్పుడు ఆపాలన్నది తర్వాతి ప్రశ్న. పన్ను తీసినప్పటి అనుభవాన్ని బట్టి ఇప్పుడే కాదు. ఆరు నెలలకోసారి, స్కోరు రాస్తూ, వారం పాటు ఆపి చూడాలని రోగితో కలిసి అనుకున్నాం. దద్దుర్లు తిరిగొస్తే అదే మోతాదుతో మళ్లీ మొదలు.

ఇదే కుటుంబానికి చెందిన రిల్జబ్రూటినిబ్ కూడా దద్దుర్లకు పరీక్షల్లో ఉంది. రెండో దశ ట్రయల్‌లో 400 మి.గ్రా. రోజుకు మూడుసార్లు ఇచ్చినవారిలో స్కోరు సగటున 16.89 తగ్గింది, ఉత్తుత్తి మాత్రతో 10.14. విరేచనాలు, వికారం, తలనొప్పి ఎక్కువగా కనిపించాయి. అది వచ్చినా మందుల సంచి తెప్పించి బల్ల మీద పరిచే పని తప్పదు. ఈమె తదుపరి అపాయింట్‌మెంట్‌కు కూడా సంచితోనే రమ్మన్నాం.